గది మాత్రం మార్చకండి

తెలంగాణ ఇంటర్మీడియట్ బోర్డు కార్యదర్శి గారికి,



జూన్ మొదటి వారంలో ఒక పూట ఎల్బీ నగర్ చౌరస్తాలో నిలబడితే మన ఇంటర్ చదువులు ఎక్కడెక్కడి నుంచి వస్తున్నాయో తెలుస్తుంది. కోదాడ, సూర్యాపేట, ఖమ్మం బస్సులు విజయవాడ రోడ్డు మీద నుంచి, దేవరకొండ, మాల్ బస్సులు సాగర్ రోడ్డు మీద నుంచి వచ్చి ఆగుతాయి. ఒక్కో బస్సులోంచి ఇద్దరు ముగ్గురు పిల్లలు దిగుతారు. తండ్రి భుజం మీద ట్రంకు పెట్టె, తల్లి చంకలో తాడుతో కట్టిన పరుపు, పిల్ల చేతిలో బకెట్టు, ఆ బకెట్టులో మగ్గు, సబ్బు పెట్టె, మూతికి గుడ్డ కట్టిన పచ్చడి డబ్బా. 2018లో మెట్రో వచ్చాక సామాను తక్కువున్నవాళ్లు అక్కడే రైలెక్కి, విక్టోరియా మెమోరియల్, చైతన్యపురి దాటి దిల్‌సుఖ్‌నగర్‌లో దిగుతున్నారు. మిగతావాళ్లకు ఆటోలే దిక్కు. పొద్దుగూకేలోపు తల్లిదండ్రులు తిరుగు బస్సెక్కుతారు.

ఆ రాత్రి ఆ పిల్లకున్న పెద్ద సమస్య, మెస్‌లో ప్లేటు పట్టుకుని ఎవరి పక్కన కూర్చోవాలన్నదే. ఐఐటీ, నీట్ సంగతి తర్వాత. మీకు రాస్తున్నది ఆ ప్లేటు గురించే. ఇలాంటివి నాంపల్లి విద్యాభవన్ దాకా రావని తెలుసు. కాలేజీకి గుర్తింపు ఇచ్చేటప్పుడు ల్యాబులు, లెక్చరర్ల అర్హతలు, ఫైర్ ఎన్‌ఓసీ, ఆటస్థలం కాగితాలు అడుగుతారు. పిల్లను ఏ గదిలో వేశారు, ఏ లెక్కన వేశారు అని అడిగే గడి నేను చూసిన దరఖాస్తుల్లో లేదు. ఆ గడి ఒకటి పెట్టించడానికే ఈ లేఖ.

నేనెవరో చెప్పాలి కదా. దిల్‌సుఖ్‌నగర్ చుట్టుపక్కలే ఒక రెసిడెన్షియల్ కాలేజీలో కొన్నేళ్లు తెలుగు చెప్పాను. ద్వితీయ భాషగా సంస్కృతం తీసుకుంటే మార్కులు ధారాళంగా పడతాయని పిల్లలందరూ అటు పోయాక నా క్లాసు గుప్పెడు మందికి తగ్గింది, ఆ తర్వాత క్లాసే లేకుండా పోయింది. సంస్కృతం మీద నాకు కోపం లేదు, దాన్ని చదివే తీరు మీదే ఉంది. అది వేరే లేఖ. ఆ గుప్పెడు మంది ఉన్న రోజుల్లో మాత్రం ఒక మేలు జరిగింది. వేర్వేరు సెక్షన్ల పిల్లలు ఒకే బెంచీ మీద కూర్చునే క్లాసు కాలేజీ మొత్తానికి నాదొక్కటే. ఎవరు ఎవరితో మాట్లాడుతున్నారో, ఎప్పుడు మానేశారో లెక్కల లెక్చరర్‌కు కనపడనిది నాకు కనపడేది.

బయటివాళ్లకు సెక్షన్ అంటే ఎ, బి, సి. ఇక్కడ సెక్షన్ అంటే పరపతి. పదో తరగతి మార్కులను బట్టి, చేరిన రోజు రాసిన పరీక్షను బట్టి పిల్లల్ని వరసగా పేరుస్తారు. పైన సూపర్ అనో స్టార్ అనో పేరున్న బ్యాచ్, కింద ఏ పేరూ లేని బ్యాచ్. ఆ పైన వారం వారం పరీక్ష, దాని మీద ర్యాంకు లిస్టు, కొన్నాళ్లకోసారి షఫ్లింగ్. ఈ మాట హాస్టల్ పిల్లలందరికీ తెలుసు. షఫ్లింగ్ అయ్యిందంటే క్లాసు ఒక్కటే మారదు, మంచం కూడా మారుతుంది. స్టడీ అవర్లు సెక్షన్ల వారీగా నడుస్తాయి. ఒక సెక్షన్ మొత్తం ఒకే అంతస్తులో ఉంటే తెల్లవారుజామున లేపడం, రాత్రి తలలు లెక్కపెట్టడం ఫ్లోర్ ఇన్‌ఛార్జికి సులువు. ఆ ఇన్‌ఛార్జి కూడా చాలాచోట్ల గ్రూప్సుకో డీఎస్సీకో చదువుకుంటూ, ఉండటానికి చోటు, తినడానికి తిండి దొరుకుతాయని ఈ పనిలో చేరిన కుర్రవాడే. ఇందులో ఎవరికీ దురుద్దేశం లేదు. ఉన్నదంతా సౌకర్యమే. కానీ ఆ సౌకర్యం కోసం పిల్ల ఏడాదిలో రెండు మూడుసార్లు ట్రంకు పెట్టె ఈడ్చుకుంటూ మెట్లెక్కాలి, లేదా దిగాలి.

దిగడం ఎలా ఉంటుందో ఊహించడం తేలికే. కొత్త గదిలో అడుగుపెట్టేసరికి ఎందుకొచ్చిందో అక్కడ అందరికీ తెలుసు. ఎక్కడం ఎలా ఉంటుందో మాత్రం నాకొక అమ్మాయి చెప్పేదాకా తెలియదు. నల్గొండ వైపు ఊరు, గవర్నమెంటు బడి. ఆగస్టులో పై సెక్షన్‌కు వెళ్లింది. ఇంట్లో పండగ చేసుకున్నారు. పాత గదివాళ్లు 'ఇంకేంది, పెద్దదానివైపోయినవ్' అని నవ్వి, మెస్‌లో పక్కన చోటుంచడం మానేశారు. కొత్త గదివాళ్లు మాట్లాడరని కాదు, మాట్లాడతారు. కానీ వాళ్లు ఎనిమిదో తరగతి నుంచి ఒకే ఫౌండేషన్ కోర్సులో చదువుకున్నవాళ్లు. వాళ్ల నవ్వులు, నిక్‌నేములు, పాత స్కూలు సార్ల మీద జోకులు ఈ పిల్లకు అందవు. సెప్టెంబర్ పరీక్షలో ఆ అమ్మాయి తెలిసిన లెక్కలు కావాలని తప్పు చేసింది. కిందికి దించితే పాత గదిలో వేస్తారని ఆశ. దించారు, కానీ పాత గది అప్పటికే నిండిపోయింది. మూడో గదిలో వేశారు. ఆ లెక్కల జవాబులన్నీ తనకు వచ్చునని నా ముందు గడగడా చెప్పి మరీ ఏడ్చింది.

పిల్లల గుంపులు ఎలా కడతాయో చెప్తాను. నేను చూసినంతలో మొదటి వారం గుంపు బస్సు రూటును బట్టి కడుతుంది. ఒకే రోడ్డు మీద నుంచి వచ్చినవాళ్లు ఒకచోట చేరతారు. నల్గొండ బ్యాచ్, ఖమ్మం బ్యాచ్, పాలమూరు బ్యాచ్. ఇందులో తప్పేముంది, ఊరు మీద బెంగపడ్డ పిల్లకు తన ఊరి మాట వినపడితే ప్రాణం లేచొస్తుంది. రెండో వారం యాస దగ్గర గీత పడుతుంది. వనస్థలిపురం, కొత్తపేట కాలనీల్లో కోస్తా నుంచి వచ్చి స్థిరపడ్డ కుటుంబాల పిల్లలు, నగరంలో ఇంగ్లిష్ మీడియం చదివినవాళ్లు ఒక పక్క. 'తెల్వది' అని నోరు జారి నాలిక్కరుచుకునేవాళ్లు ఇంకో పక్క. మాట మార్చుకోవడానికి పిల్లలకు నెల కూడా పట్టదు. దసరా సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు అమ్మ ముందు పాత మాట, తిరిగొచ్చి హాస్టల్ గేటు దాటగానే కొత్త మాట. రెండూ నేర్చిన పిల్ల గట్టిదే, కాదనను. నేర్చుకోమని ఆ పిల్లను ఎవరూ అడగలేదు, అంతే.

మూడో వారంలో ఇంటి పేరు అడుగుతారు. దానితో తేలకపోతే 'మీ డాడీ ఏం చేస్తారు' అంటారు. దానితోనూ తేలకపోతే ఫోన్ దగ్గర చెవి పెడతారు. వారానికోసారి ఇంటికి ఫోన్ చేసుకునే వరసలో నిలబడి, దేవరకొండ తండా నుంచి వచ్చిన పిల్ల గోడ వైపు తిరిగి, నోటికి చెయ్యడ్డం పెట్టుకుని తల్లితో గోర్‌బోలీలో మాట్లాడటం నేను చూశాను. నేను ఆ పక్కగా నడుస్తుంటే తెలుగులోకి మారిపోయింది.

ఇక ఆదివారం. దిల్‌సుఖ్‌నగర్ హాస్టల్ పిల్లల అసలు ర్యాంకు లిస్టు ఆదివారం మధ్యాహ్నం గేటు దగ్గర తయారవుతుంది. తల్లిదండ్రులు టిఫిన్ క్యారియర్లతో వస్తారు. కొత్తపేట పండ్ల మార్కెట్ బాటసింగారం వైపు తరలిపోక ముందు బత్తాయిలు, మామిడిపండ్లు సంచుల్లో తెచ్చేవాళ్లు. ఇప్పుడు బండి మీద కొన్న అరటిపండ్లతో సరిపెడుతున్నారు. చెట్టు కింద, గోడ నీడన పేపర్లు పరిచి కూర్చుంటారు. కన్నవాళ్లు వచ్చిన పిల్ల ఒక్కతే దిగదు, ఇద్దరు స్నేహితురాళ్లను వెంటబెట్టుకుని దిగుతుంది. ఎవరి అమ్మ తెచ్చిన కోడికూరకు ఎవరికి పిలుపొచ్చింది, ఎవరికి రాలేదు, పోయినవారం పిలిచిన పిల్లను ఈ వారం ఎందుకు పిలవలేదు అన్నవే ఆ వారమంతా నడిచే రాజకీయం.

ఎవరూ రాని పిల్లలు ఆదివారం బట్టలు ఉతుక్కుంటారు. డాబా మీద ఆరేస్తారు. గంటల తరబడి ఆరేస్తూనే ఉంటారు. కిందికి దిగితే పిలిచినా ఇబ్బంది, పిలవకపోయినా ఇబ్బంది. వాళ్ల తల్లిదండ్రులకు ప్రేమ లేక కాదు, ఆదివారం కూలి పోతుంది, దానికి తోడు బస్సు చార్జీలు. కొందరు తల్లులుంటారు, వాళ్లకు దండం పెట్టాలి. పైకి తలెత్తి చూసి, 'ఓ బిడ్డా, కిందికి రా, నువ్వు గూడ తిను' అని కేకేస్తారు. ఆ ఒక్క కేకతో ఆ పిల్లకు ఒక నెల గడిచిపోతుంది. నేను చూసిన కౌన్సెలింగుల్లో అంత పనిచేసింది మరొకటి లేదు.

ఇంత చెప్పింది ఎందుకంటే, ఈ గీతలన్నిటినీ కొద్దో గొప్పో చెరిపేది నాకు ఒక్కటే కనపడింది. అది గది. నాలుగు నెలలు ఒకే గదిలో ఉన్న ఆరుగురు పిల్లలకు మంచం కింద ఒక ఉమ్మడి డబ్బా తయారవుతుంది. సకినాలు, జంతికలు, అరిసెలు, ఎవరి ఇంటి నుంచి ఏది వచ్చినా అందులోనే పడుతుంది. ఎవరూ రాని పిల్లకూ అందులో చెయ్యి పెట్టే హక్కుంటుంది. జ్వరమొస్తే మెస్ నుంచి పెరుగన్నం తెచ్చేది గదివాళ్లే. కలిసి నవ్వడానికి ఒక ఇన్‌ఛార్జి, కలిసి తిట్టుకోవడానికి ఒక సాంబారు దొరుకుతాయి. బతుకమ్మ రోజుల్లో సెలవు ఇవ్వని హాస్టళ్లలో డాబా మీద ఆట మొదలైతే, అడుగు రాని పిల్లకు చెయ్యి పట్టి నేర్పేది కూడా ఆ గదివాళ్లే. అప్పుడు ఇంటి పేరు తెలుసు, యాస తెలుసు, ఫోన్‌లో మాట్లాడే భాష తెలుసు. తెలిసినా మునుపటంత బరువుండదు. ఆ డబ్బా నిండుతున్న సమయంలోనే షఫ్లింగ్ వస్తుంది. గది చెదిరితే పిల్ల మళ్లీ మొదటి వారానికి వెళ్తుంది. అపరిచితుల మధ్య పడ్డవాళ్లు తొందరగా పట్టుకోగలిగింది బస్సు రూటు, యాస, ఇంటి పేరే కదా. పిల్లలు కులం మాట్లాడుకుంటున్నారని స్టాఫ్ మీటింగుల్లో వాపోతాం. మాట్లాడుకోవడానికి మరొకటి మిగల్చకుండా మనమే చేస్తున్నాం.

హైదరాబాదులో వసతి చరిత్ర కులంతోనే మొదలైందని మీకు తెలియనిది కాదు. నగరానికి చదువుకోవడానికి వచ్చిన పల్లె కుర్రాళ్లకు అద్దెకు గది, నోటికి మెతుకు దొరకని రోజుల్లో, 1918లో కొత్వాల్ రాజా బహద్దూర్ వెంకట్రామారెడ్డి చొరవతో రెడ్డి హాస్టల్ పుట్టింది. సురవరం ప్రతాపరెడ్డి ఆ హాస్టల్ బాధ్యతలు చూసినవారే. వైశ్య, మున్నూరుకాపు, గౌడ, పద్మశాలి హాస్టళ్లు ఆ బాటలో వచ్చాయి. వాటివల్ల ఎన్నో కుటుంబాల్లో మొదటి పట్టభద్రుడు తయారయ్యాడు. ఆ మేలును తక్కువ చేయలేం. కాకపోతే తనవాళ్ల మధ్య ఉండటమే భద్రత అన్న పాఠం కూడా ఆ గోడల్లోనే ఉంది. మెట్రో స్టేషన్‌కు పేరిచ్చిన విక్టోరియా మెమోరియల్ హోంది ఇంకో దారి. విక్టోరియా రాణి పేరిట ఆరో నిజాం హయాంలో అనాథ పిల్లల కోసం మొదలైంది. రోజూ ఆ స్టేషన్ పేరు వింటూ ప్రయాణించేవాళ్లలో ఎందరికి ఆ సంగతి తెలుసో.

అసలైన మలుపు ఎల్బీ నగర్ నుంచి విజయవాడ రోడ్డు పట్టుకుని చౌటుప్పల్ దాకా పోయి లోపలికి తిరిగితే వస్తుంది. 1971 నవంబర్ 23న ముఖ్యమంత్రి పి.వి. నరసింహారావు సర్వేల్‌లో గురుకుల పాఠశాల ప్రారంభించారు. పల్లెటూరి తెలివైన పిల్లల్ని పరీక్ష పెట్టి ఎంచుకుని, అన్ని కులాలవాళ్లను ఒకే కప్పు కింద, ఒకే పంక్తిలో కూర్చోబెట్టి ఉచితంగా చదివించడం అప్పటికి కొత్త. ఆ తర్వాత సంక్షేమ గురుకులాలు వచ్చాయి. 2012 నుంచి 2021 దాకా సాంఘిక సంక్షేమ గురుకులాల కార్యదర్శిగా ఉన్న ఆర్.ఎస్. ప్రవీణ్ కుమార్ హయాంలో అక్కడి పిల్లలు ఇంటి పేరు చోట 'స్వేరో' అని రాసుకోవడం మొదలుపెట్టారు. దాని మీద విమర్శలూ వచ్చాయి. నా మటుకు నాకు అందులో ఒక లోతైన గ్రహింపు కనిపిస్తుంది. ఇంటి పేరు అడిగి పిల్లను విడదీస్తున్నప్పుడు, అందరికీ ఒకే ఇంటి పేరు పెడితే పోలా అన్న ఆలోచన అది. మలావత్ పూర్ణ 2014లో పదమూడేళ్లకు ఎవరెస్టు ఎక్కింది ఆ గురుకులాల నుంచే.

మరి మన దిల్‌సుఖ్‌నగర్ ఏం చేసింది? గేటు దగ్గర కులం అడగలేదు. అందుకు మెచ్చుకోవాలి. దాని చోట ర్యాంకు పెట్టింది. ఏసీ క్యాంపస్, నాన్ ఏసీ క్యాంపస్ అని డబ్బు కూడా పెట్టింది. డబ్బు సంగతి నేనిప్పుడు ఎత్తను, అది మీ చేతిలోనూ లేదు, నా చేతిలోనూ లేదు.

గది గురించి నేను చెప్పేది ఒక పంతులమ్మ సెంటిమెంటు అనుకుంటారేమోనని బయటి ప్రపంచం నుంచి రెండు మాటలు తెస్తాను. దక్షిణాఫ్రికాలో కేప్‌టౌన్ విశ్వవిద్యాలయం హాస్టళ్లలో తెల్ల, నల్ల విద్యార్థులకు ఇద్దరేసి ఉండే గదులు లాటరీ లాంటి పద్ధతిలో పడ్డ తీరును ముగ్గురు ఆర్థికవేత్తలు పరిశీలించి 2022లో ప్రచురించారు. నల్లవాళ్లతో గది పంచుకున్న తెల్ల విద్యార్థుల్లో వాళ్ల మీద చిన్నచూపు తగ్గింది. తెల్లవాళ్లతో గది పంచుకున్న నల్ల విద్యార్థుల చదువు మెరుగుపడింది. అదంతా ఎన్నో ఏళ్ల వర్ణవివక్ష నడిచిన దేశంలో, ఒక గది వల్ల. అంత దూరమెందుకు, ఢిల్లీలో పేద పిల్లలకు సీట్లు ఇచ్చిన ప్రైవేటు బడుల మీద గౌతమ్ రావు అనే ఆర్థికవేత్త చేసిన పరిశోధన 2019లో వచ్చింది. కొన్ని బడుల్లో పేర్ల అక్షర క్రమంలో చదువు బృందాలు వేసేవారు. అక్షరం కలిసినందువల్ల పేద పిల్లల పక్కన పడ్డ సంపన్నుల పిల్లల్లో స్నేహాలు పెరిగాయి, వివక్ష తగ్గింది. లెక్కల్లో, హిందీలో వాళ్ల మార్కులేమీ తగ్గలేదు. ఇంగ్లిష్‌లో మాత్రం కొద్దిగా తగ్గిన జాడ కనిపించింది. తల్లిదండ్రులు మొదట అడిగేది మార్కుల గురించే కాబట్టి దాన్ని దాచడం లేదు.

కలిపేస్తే చాలు అన్నీ కుదురుతాయని కూడా అనను. అమెరికా వైమానిక దళ అకాడమీలో తెలివితేటల లెక్కలు వేసి, వెనకబడ్డవాళ్లకు లాభం కలిగేలా పై ర్యాంకువాళ్లను, కింది ర్యాంకువాళ్లను ఒకే బృందాల్లో పెట్టారు. 2013లో అచ్చయిన ఆ ఫలితం తలకిందులుగా వచ్చింది. కలిపిన బృందంలోనే పైవాళ్లు పైవాళ్లతో, కిందివాళ్లు కిందివాళ్లతో జతకట్టారు. ఎవరికి మేలు చేయాలనుకున్నారో వాళ్లే నష్టపోయారు. దీని నుంచి నేను తీసుకున్నది ఏమంటే, కీడుకైనా మేలుకైనా ర్యాంకును చూసి గదులు వేయకూడదు. టాపర్‌ను తెచ్చి మందబుద్ధి అని పేరుపడ్డ పిల్ల పక్కన మంచం వేసి 'నువ్వు చెప్పు, నువ్వు నేర్చుకో' అంటే ఇద్దరికీ శిక్షే. చీటీలు వేయాలి. చీటీలో వచ్చిన గదిలో ఎవరి మీదా ఎవరికీ బాధ్యత ఉండదు, కాబట్టి స్నేహానికి చోటుంటుంది.

మేనేజ్‌మెంట్లు ఏమంటాయో నాకు తెలుసు, విన్నాను కూడా. పేరెంట్సే అడుగుతున్నారంటారు. నిజమే, అడుగుతున్నారు. మా అమ్మాయిని మంచి సెక్షన్ పిల్లల గదిలో వేయండి అని ఫీజు కౌంటర్ దగ్గరే బతిమాలతారు. కానీ పై గదిలో వేస్తామని ఊరించింది ఎవరు? బ్రోచర్లలో, ఫ్లెక్సీల్లో ఆ బ్యాచ్ పేర్లు అచ్చువేసింది పేరెంట్స్ కాదు. ఇంకో మాట, టాపర్లకు డిస్టర్బెన్స్ అంటారు. స్టడీ అవర్ గదిలో జరగదు, హాల్లో జరుగుతుంది. హాల్లో సెక్షన్ల వారీగానే కూర్చోబెట్టుకోండి. రాత్రి పడుకోవడానికి వచ్చే గదిలో లైటు తీసేశాక టాపర్ ఎవరో కనపడదు. తలలు లెక్కపెట్టడం కష్టమంటారు. ఒక రిజిస్టరు ఎక్కువ అవుతుంది, నిజమే.

సెక్షన్ల సంగతి సుప్రీంకోర్టే ఎత్తింది. విశాఖపట్నంలో కోచింగ్ తీసుకుంటూ 2023లో చనిపోయిన ఒక విద్యార్థిని తండ్రి వేసిన కేసులో 2025 జులై 25న జస్టిస్ విక్రమ్‌నాథ్, జస్టిస్ సందీప్ మెహతాల ధర్మాసనం దేశమంతటికీ మార్గదర్శకాలు ఇచ్చింది. చదువులో ప్రతిభను బట్టి బ్యాచులు విడదీయడం, అందరి ముందు అవమానించడం, శక్తికి మించిన లక్ష్యాలు పెట్టడం వీలైనంత వరకు మానుకోవాలని, వంద మంది, అంతకు మించి విద్యార్థులున్న సంస్థలో అర్హత గల కౌన్సెలర్ ఉండాలని చెప్పింది. ఆ కేసు మన తెలుగు నేల మీద నుంచి వెళ్లిందన్నది మరిచిపోకూడదు. 'వీలైనంత వరకు' అన్న మాట ఉంది కాబట్టి సెక్షన్లు ఇంకొన్నాళ్లు వాదనల్లో నలుగుతాయి. గదికి ఆ వాదన అక్కర్లేదు. గదిలో ఫిజిక్స్ చెప్పరు.

ర్యాగింగ్ మీద 1997 నుంచి చట్టం ఉంది. కొట్టినా తిట్టినా కేసు పెట్టవచ్చు. ప్లేటు పట్టుకుని వచ్చిన పిల్లను చూసి బెంచీ మీద పుస్తకం పెట్టి 'ఇక్కడ వస్తున్నారు' అనడానికి ఏ చట్టం వర్తిస్తుంది? వర్తించకూడదు కూడా. స్నేహం చేయమని ఏ సర్క్యులరూ చెప్పలేదు. స్నేహం ముదిరేదాకా చోటు కదపకుండా ఉండటం ఒక్కటే పెద్దవాళ్ల చేతిలో ఉన్నది.

ఈ దిల్‌సుఖ్‌నగర్‌లోనే ఉద్యోగాల కోసం చదువుకునే పెద్దపిల్లల హాస్టళ్లూ ఉన్నాయి. గ్రూప్స్, ఎస్సై, బ్యాంకు. వాళ్లకు ఇరవై రెండేళ్లు, పాతికేళ్లు. గదిలో పొసగకపోతే నెలాఖరుకు సంచి సర్దుకుని పక్క గల్లీలో ఇంకో హాస్టల్ చూసుకుంటారు. పదహారేళ్ల పిల్లకు ఔట్‌పాస్ లేనిదే గేటు దాటే వీల్లేదు. ఏడాది ఫీజులో సగం ముందే కట్టేశారు, అందులో కొంత వడ్డీకి తెచ్చింది. వెళ్లిపోతానని ఫోన్‌లో చెప్తే, 'కొన్నాళ్లు ఓపిక పట్టు బిడ్డా' తప్ప తల్లి ఏమంటుంది?

కాబట్టి నేను కోరేది ఇది. వసతితో నడిచే ప్రతి జూనియర్ కాలేజీ చేరికలు ముగియగానే గదుల కేటాయింపు చీటీలు వేసి చేయాలి. ఒక గదిలో అందరూ ఒకే సెక్షన్ వాళ్లు, ఒకే జిల్లా వాళ్లు రాకుండా చూసుకోవాలి. ఆ గది వార్షిక పరీక్షలదాకా మారకూడదు. పిల్ల తానుగా అడిగితేనో, గదిలో వేధింపు జరిగితేనో మార్చాలి, ఎందుకు మార్చారో రాసి పెట్టాలి. ర్యాంకు తగ్గిందనో పెరిగిందనో మార్చకూడదు. దీనికి బిల్డింగు కట్టనక్కర్లేదు, పోస్టు మంజూరు చేయనక్కర్లేదు, ఆర్థిక శాఖకు ఫైలు పంపనక్కర్లేదు. హాస్టళ్ల మీద మాకు నేరుగా అధికారం లేదని మీ వాళ్లు అనవచ్చు. కాలేజీ గుర్తింపు మీ చేతిలో ఉంది, దాన్ని ఏటా పొడిగించేది మీరే. ఆ పొడిగింపు షరతుల్లో ఇదొకటి చేర్చండి.

అమలవుతోందో లేదో తెలుసుకోవడానికి కమిటీ వేయాల్సిన పని కూడా లేదు. జూన్‌లో గదుల జాబితా ఒక కాపీ తెప్పించుకోండి. దసరా సెలవుల ముందు ఒక సాయంత్రం, చెప్పకుండా, మీ ఇన్‌స్పెక్టర్ ఒకరు చైతన్యపురిలో ఏదో ఒక హాస్టల్‌కు వెళ్లి ఆ జాబితా చేతిలో పట్టుకుని మూడు గదుల తలుపు తట్టి పేర్లు పిలిస్తే సరిపోతుంది. ప్రిన్సిపాల్ గదిలో కూర్చుని టీ తాగితే మాత్రం తెలియదు.

వచ్చే విద్యా సంవత్సరం గుర్తింపు నోటిఫికేషన్ వెలువడే లోపు ఈ గడి దరఖాస్తులో చేర్పించవలసిందిగా కోరుతున్నాను. జాబితా ఏ నమూనాలో ఉండాలో కావాలంటే రాసి పంపగలను. తెలుగు క్లాసు పోయినప్పటి నుంచి నాకు తీరిక బాగానే ఉంది.

ఇట్లు,
ఒకప్పటి తెలుగు అధ్యాపకురాలు,
చైతన్యపురి, హైదరాబాద్